ప్రకృతి పార్కులో చెట్లు కొట్టేస్తున్నారేంటి? (బెర్లిన్, జ్యూడ్‌గెలెండె)

కొత్తబెర్లినర్

అందరికీ నమస్కారం. చదువుకోసం బెర్లిన్ వచ్చాను, షోనెబెర్గ్‌లో ఉంటున్నాను. ప్రీస్టర్‌వేగ్ స్టేషన్ దిగగానే పక్కనే జ్యూడ్‌గెలెండె అని ఒక నేచర్ పార్కు ఉంది. టికెట్ ఒక యూరో. లోపల పాత రైలు పట్టాలు అలాగే ఉన్నాయి, పట్టాల మధ్యలోంచే చెట్లు లేచాయి. ఒక ఆవిరి ఇంజను, పెద్ద నీళ్ళ ట్యాంకు, అంతా తుప్పు. నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు నా సందేహం. ఈమధ్య వెళ్తే మనుషులు రంపాలు పట్టుకుని చిన్న చిన్న బర్చ్ చెట్లన్నీ కోసి కుప్పలు వేస్తున్నారు. ఇంకొన్ని చెట్లకి మొదట్లో బెరడు చుట్టూ వలిచేసి నిలబెట్టి వదిలేశారు, అవి ఎండిపోతున్నాయి. గేటు దగ్గరేమో రక్షిత ప్రాంతం అని బోర్డు. కుక్కల్ని తీసుకెళ్ళకూడదు, సైకిల్ తొక్కకూడదు, కానీ చెట్లు మాత్రం కొట్టొచ్చా? తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

స్ప్రీగట్టు

తమ్ముడూ, నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఆ పార్కు తెలుసు. చెట్ల సంగతి చెప్పాలంటే ముందు ఆ చెట్లు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పాలి. ఓపిగ్గా చదువు.

అది 1880ల్లో కట్టిన టెంపెల్‌హోఫ్ మార్షలింగ్ యార్డు. అన్‌హాల్ట్ లైను, డ్రెస్డెన్ లైను మధ్య ఉన్న నేల. దక్షిణం నుంచి బెర్లిన్‌కి వచ్చే గూడ్స్ బళ్ళని అక్కడ విడగొట్టి, మళ్ళీ కలిపి పంపేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఊరు నాలుగు ముక్కలైంది కదా. నేల ముక్కలైంది గానీ రైల్వే కాలేదు. నాలుగు భాగాల్లోనూ రైళ్ళు నడిపే పని రైష్‌బాన్ అనే పాత సంస్థ చేతిలోనే ఉండిపోయింది, ఆ సంస్థ తూర్పు జర్మనీది అయిపోయింది. 1952లో వాళ్ళు రైళ్ళని పశ్చిమ బెర్లిన్ తగలకుండా మళ్ళించేశారు. అన్‌హాల్టర్ టెర్మినస్ మూతపడింది, దానితోపాటు ఈ యార్డుకీ పని లేకుండా పోయింది.

అసలు తమాషా ఇక్కడుంది. నేల పశ్చిమంలో, అజమాయిషీ తూర్పుది. తూర్పువాళ్ళకి దానితో పని లేదు, పశ్చిమంవాళ్ళు అందులో ఏమీ కట్టలేరు. అలా దశాబ్దాలపాటు ఎవ్వరూ ముట్టుకోలేదు. ఒక్క మొక్క కూడా ఎవరూ నాటలేదు. అక్కడ నువ్వు చూసిన ప్రతి చెట్టూ తనంతట తాను మొలిచిందే.

1970ల చివర్లో పశ్చిమ బెర్లిన్ ప్రభుత్వం అక్కడ కొత్త గూడ్స్ స్టేషను కడతానంది. చుట్టుపక్కల జనం అడ్డుపడ్డారు. కమిటీ పెట్టుకున్నారు, వృక్షశాస్త్రవేత్తలని పిలిచి లెక్కలు తీయించారు. ఆ గొడవ నడుస్తుండగానే బెర్లిన్ గోడ కూలింది. తరవాత 1990ల్లో ఊరు నిండా కొత్త రైలు లైన్లు వేశారు. ఇక్కడ చట్టం ఏమంటుందంటే, ఒకచోట ప్రకృతిని పాడుచేస్తే ఇంకోచోట దానికి బదులు ఇవ్వాలి. ఆ బదులుగానే రైల్వే ఈ 18 హెక్టార్లు నగరానికి ఇచ్చేసింది. 1999లో రక్షిత ప్రాంతం చేశారు, 2000 మే నెలలో జనానికి తెరిచారు.

చెట్లు ఎందుకు కొడతారనేది మన అనంతమాస్టారుగారు వస్తే బాగా చెబుతారు.

ఆవిరిఇంజన్

కాజీపేట్ల లోకో షెడ్డు పనిచేసి రిటైరైనోణ్ణి, గందుకే నడుమ దూరుతున్న. టర్న్ టేబుల్, అంటే ఇంజన్ను నిలబెట్టి దిక్కు తిప్పే గుండ్రటి పట్టా, ఉన్నదా? ఉంటే ఇంకా తిరుగుతదా?

ఆ నీళ్ళ ట్యాంకు గురించి. ఆవిరి ఇంజనుకు బొగ్గు కంటే నీళ్ళ అక్కర ఎక్కువ. టెండరు (ఇంజను ఎనుక నీళ్ళు, బొగ్గు మోసే బండి) నిండాలంటే తక్కువ టైంల మస్తు నీళ్ళు దిగాలె, గందుకే ట్యాంకు గంత ఎత్తు మీద పెడతరు. యార్డుల దూరం నుంచి కనబడేది అదొక్కటే.

మొక్కల సంగతి నాకు తెల్వదు గాని పట్టా కింద నేల సంగతి తెలుసు. అది నేల కాదు. కంకర, దాని కింద ఇసుక, ఇంజన్ల నుంచి రాలిన బొగ్గు నుసి, క్లింకరు (కాలి గడ్డకట్టిన బొగ్గు బూడిద). వాన పడంగనే నీళ్ళు కిందికి దిగిపోవాలె, నిలబడితే ట్రాకు కుంగుతది. కంకర సందుల్ల మన్ను చేరితే మొత్తం లేపి జల్లెడ పడతరు, డీప్ స్క్రీనింగ్ అంటరు. ఎండకాలం ఆ కంకర మీద చెయ్యి పెట్టలేం. గ్యాంగ్‌మెన్ మా కాలంల పికాసులతోని గడ్డి పీకుతుండె, తరువాత మందు కొట్టుడు మొదలైంది. గంత కష్టపడి మేం మొలవకుండ చేసేటిది అక్కడ వాళ్ళు కాపాడుతున్నరన్నట్టు! మంచిదే.

ఇంకొకటి, గింజలు బళ్ళల్లనే వస్తయి. పశువుల వ్యాగన్ల గడ్డి, ధాన్యం వ్యాగన్ల సందుల్ల ఇరికిన గింజలు. యార్డుల వ్యాగన్లు నిలబడతయి, కడుగుతరు, ఊడుస్తరు. ఆడనే రాలతయి.

స్ప్రీగట్టు

టర్న్ టేబుల్ ఉంది అన్నా. జర్మనీలో మిగిలిన పాతవాటిలో అదొకటని చెబుతారు. ఇంజను 50 తరగతిది, ట్యాంకు ఎత్తు 50 మీటర్లు.

అనంతమాస్టారు

ఆవిరిఇంజన్ గారు సగం జవాబు ఇచ్చేశారు. నీరు నిలవని, పోషకాలు లేని, ఎండకి కాలిపోయే ఆ కంకర మీద బలమైన మొక్కలు రాలేవు. రాలేవు కాబట్టే బలహీనమైనవి, అరుదైనవి అక్కడ బతుకుతాయి. బయట పొలం గట్టు మీద ఎరువులతో ఏపుగా పెరిగే గడ్డి వీటిని తొక్కేస్తుంది. పేద నేలలో పోటీ తక్కువ. ఆ పార్కులో 350కి పైగా మొక్క జాతులు, 90కి పైగా అడవి తేనెటీగల జాతులు లెక్కకి వచ్చాయి. ఈ తేనెటీగల్లో చాలా రకాలు గుంపుగా తుట్టె పెట్టవు. ఒంటరిగా వేడి ఇసుకలో బొరియ తవ్వుకుని గుడ్లు పెడతాయి. ఎగిరినప్పుడు మాత్రమే నీలి రెక్కలు కనబడే మిడత ఒకటి ఉంది, దానికీ బోడి నేలే కావాలి. ఇలాంటివి చెట్టునీడలో బతకవు.

ఇప్పుడు లెక్క చూడండి. 1981లో అక్కడ చెట్లూ పొదలూ కప్పిన భాగం 37 శాతం. 1991కి 70 శాతం. పదేళ్ళలో దాదాపు రెట్టింపు. అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకి మొత్తం చెట్లే. గడ్డి, దాంతోపాటు మిడత, తేనెటీగ అన్నీ పోతాయి. ఏ జీవుల కోసం ఆ స్థలాన్ని కాపాడాలని పోరాడారో అవే ఉండవు.

బెరడు వలిచిన చెట్లు రొబీనియా అయి ఉండాలి. కొత్తబెర్లినర్, ఆకు చూశావా? మన అవిశ ఆకులా చిన్న చిన్న రెబ్బలు, కొమ్మకి ముళ్ళు ఉంటే అదే. నరికితే వేళ్ళనుంచి ఒకటికి పది పిలకలు వేస్తుంది. అందుకే నరకకుండా బెరడు వలుస్తారు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకి దిగదు, వేరు నెమ్మదిగా నీరసించి చస్తుంది, పిలకలు తక్కువ వస్తాయి.

కొత్తబెర్లినర్

ముళ్ళున్నాయి మాస్టారూ, అదే.

అర్థమైంది గానీ ఒక్కటి మింగుడుపడటం లేదు. యాభై ఏళ్ళు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టే అది గొప్పది అని అక్క అన్నారు. మరి అదే ప్రకృతి అడవిగా మారతానంటే మనమెవరం ఆపడానికి? 1981లో ఉన్నట్టే ఉండాలని ఎవరు రాశారు?

గట్టిమాట

కరెక్ట్ పాయింటు పట్టుకున్నావ్. దీన్ని గార్డెనింగ్ అంటారు. గడ్డి కోయడానికి మనుషులు, నడవడానికి ఇనప వంతెన, టికెట్ మెషీను. పేరు మాత్రం "అడవి". ఇంత ఖర్చుపెట్టి తుప్పు పట్టినట్టు కనిపించేలా చేయడం డబ్బున్న దేశాల సరదా.

స్ప్రీగట్టు

గట్టిమాట గారూ, మొత్తం కోయట్లేదండీ. ఆ ప్లానులోనే మూడు రకాలు రాసుకున్నారు. కొన్ని చోట్ల బయలు, అక్కడ గడ్డి కోస్తారు, కొన్నిసార్లు గొర్రెలని కూడా తోలారు. కొన్ని చోట్ల అక్కడక్కడా చెట్లున్న తోపు, వెలుతురు పడేలా చూస్తారు. మిగతాది పూర్తిగా వదిలేసిన అడవి, అందులో చెట్టు విరిగి పడినా దారికి అడ్డమైతేనే తీస్తారు. తమ్ముడు చూసింది మొదటి రకం చోటు. కొంచెం ఉత్తరానికి వెళ్తే రంపం తగలని భాగం కనిపిస్తుంది.

ఇనప దారి సంగతి. నడిమధ్య బయలే అన్నిటికంటే కట్టుదిట్టంగా రక్షించే భాగం. జనాన్ని రానివ్వకపోతే కొట్లాడి కాపాడినవాళ్ళకి చూపించేదేముంది? రానిస్తే తొక్కేస్తారు. అందుకని పాత పట్టాల మీదుగా అర మీటరు ఎత్తున జాలీ దారి వేశారు. ఓడియస్ అనే శిల్పుల బృందం చేసిన పని అది, పార్కులో ఉన్న ఇనప బొమ్మలు కూడా వాళ్ళవే. దారి కింద గడ్డి పెరుగుతూనే ఉంటుంది, బల్లులు దూరుతూనే ఉంటాయి. నామటుకు నాకు ఆ బొమ్మలు పెద్దగా ఎక్కలేదు గానీ దారి మాత్రం అద్భుతం.

అనంతమాస్టారు

కొత్తబెర్లినర్ ప్రశ్న మంచిది, తేలిగ్గా తీసేయలేం. "ప్రకృతిని దాని మానాన వదిలేయాలి" అనే మాట ఆ స్థలంలో ఎందుకు సరిపోదో చెబుతాను. అక్కడ రెండు ప్రకృతులు పోటీ పడుతున్నాయి. ఒకటి ఎండ కోరేది, ఇంకొకటి నీడ చేసేది. రైళ్ళు నడిచినన్నాళ్ళూ మొదటిదాని పక్షాన మనిషి ఉన్నాడు, తెలియకుండానే. రైళ్ళు ఆగాయి, ఆ బలం పోయింది. ఏమీ చేయకపోవడం కూడా ఒక పక్షం వహించడమే.

మన దగ్గర నంద్యాల జిల్లా (ఒకప్పటి కర్నూలు జిల్లా) రోళ్ళపాడు గుర్తుందా? బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం. బట్టమేకకి కావలసింది కనుచూపు మేర గడ్డి. చుట్టూ చెట్లుంటే ఆ పిట్ట ఉండదు. కానీ "అభయారణ్యం" అనగానే జనానికి చెట్లే గుర్తొస్తాయి. అధికారులకీ అంతే. గడ్డినేలని బీడు అని రాసుకుని అందులో మొక్కలు నాటిన సందర్భాలు రాయలసీమలో నా కళ్ళారా చూశాను. ఫొటోలో పచ్చగా ఉంటుంది. పిట్ట పోతుంది.

గట్టిమాట

మాస్టారూ, మీరే చెప్పారు రొబీనియా పరాయి చెట్టని. అమెరికా నుంచి వచ్చిందే కదా? మరి మన సర్కారు తుమ్మని తిట్టి, అక్కడ రొబీనియా అడవిని "ప్రకృతి" అని పూజించడం ఏం న్యాయం?

అనంతమాస్టారు

పరాయిదని నేనింకా చెప్పలేదు, మీరు చెప్పారు. నిజమే. ఉత్తర అమెరికా తూర్పు భాగం దాని సొంతూరు, 17వ శతాబ్దంలో యూరప్ చేరింది. పప్పుజాతి చెట్టు, గాలిలో నత్రజనిని పట్టి నేలకిస్తుంది. మామూలు నేలకి అది మేలే, ఈ పేద నేలకి మాత్రం చేటు. నేల బలిస్తే బలమైన గడ్డీ గాదం వస్తాయి, చెట్టు కొట్టేసినా ఆ సారం పోదు. మన సుబాబుల్, సర్కారు తుమ్మ అదే కోవ. తుమ్మకి ఆ పేరు రావడమే సర్కారు దాన్ని కట్టెలకోసం ఊరూరా వ్యాపింపజేసినందుకు.

కానీ అక్కడి శాస్త్రవేత్తలు దీనికి వేరే దారి పట్టారు. ఇంగో కోవారిక్ అనే ఆయన, ఈ యార్డు మొక్కల మీద పనిచేసినవారిలో ఒకరు, ప్రకృతిని నాలుగు రకాలుగా చెప్పారు. మనిషి రాకముందు ఉన్నదాని అవశేషం ఒకటి, పొలాలూ పచ్చికలూ రెండు, తోటలూ పార్కులూ మూడు, ఊళ్ళో పాడుబడ్డ ఫ్యాక్టరీ, రైలు నేలల్లో తానుగా మొలిచేది నాలుగు. ఈ నాలుగోదాంట్లో దేశీ, పరాయి కలిసే ఉంటాయి, దాన్ని మొదటిదానితో పోల్చి తప్పుపట్టకూడదని ఆయన వాదన. నేను పూర్తిగా ఒప్పుకోను. బెర్లిన్‌లో సరే, చుట్టూ ఊరు. రోళ్ళపాడు పక్కన సర్కారు తుమ్మకి అదే మర్యాద ఇవ్వలేం.

థేమ్స్‌పక్కన

లండన్ నుంచి ఒక మాట కలుపుతాను. ఇక్కడ కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనక కామ్లీ స్ట్రీట్ నేచురల్ పార్క్ ఉంది. అది రైలు బొగ్గు దించే స్థలం, రీజెంట్స్ కాలువ ఒడ్డున. మొత్తం కలిపి రెండెకరాలే. లారీ పార్కింగ్ చేస్తారని అనుకుంటే అప్పటి గ్రేటర్ లండన్ కౌన్సిల్ కొనేసి ప్రకృతి పార్కు చేసింది, 1985లో తెరిచారు. లండన్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ చూసుకుంటుంది.

తేడా ఏంటంటే ఇక్కడ అన్నీ చేసిపెట్టినవే. చెరువు తవ్వారు, రెల్లు పెంచారు, చెట్లు నాటారు. ప్రకృతి వచ్చేదాకా ఆగలేదు, తీసుకొచ్చి పెట్టారు. బడి పిల్లలు వలలు పట్టుకుని చెరువులో పురుగులు వెతకడం మా అమ్మాయికి తెగ ఇష్టం. చుట్టూ గూగుల్ ఆఫీసులు, గాజు మేడలు లేచాయి. మధ్యలో ఇది చిన్న గూడులా మిగిలింది. కొన్నేళ్ళు మూసి, బాగుచేసి 2021లో మళ్ళీ తెరిచారు.

బెర్లిన్‌లో 18 హెక్టార్లంటే దాదాపు 45 ఎకరాలు. అంత చోటుంటే వదిలేసి చూడొచ్చు. రెండెకరాల్లో వదిలేస్తే పదేళ్ళలో ముళ్ళపొద ఒక్కటే మిగులుతుంది.

గట్టిమాట

45 ఎకరాలు! బెర్లిన్‌లో అద్దె ఇల్లు దొరకడానికి మనవాళ్ళు ఎన్ని నెలలు తిరుగుతున్నారో ఈ వేదికలోనే వేరే దారంలో ఏడుస్తున్నారు. అక్కడ నాలుగు అపార్టుమెంట్లు కడితే మిడత ఇంకోచోటికి వెళ్తుంది.

కొత్తబెర్లినర్

ఇల్లు వెతికిన బాధ నాకు తెలుసు అన్నా. అయినా ఈ మాట ఒప్పుకోను. నా గదికి బాల్కనీ లేదు. ఆ ఒక్క యూరోతో నాకు దొరికే బయలు అదే.

స్ప్రీగట్టు

గట్టిమాట గారూ, మిడత ఎక్కడికెళ్తుంది, చెప్పండి? మీరన్నది ఇక్కడ నిజంగానే ఓటుకి పెట్టారు, పక్కనే ఉన్న టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయం విషయంలో. 2008లో విమానాలు ఆగాయి, మైదానం అంచుల్లో ఇళ్ళు కడతామని ప్రభుత్వం. 2014 మేలో జనం ఓటేసి ఏమీ కట్టొద్దన్నారు. ఆ వాదన ఇంకా ఆగలేదు, ఎన్నికలొచ్చినప్పుడల్లా మళ్ళీ లేస్తుంది. ఇళ్ళ కొరత నిజం, నేను కాదనను.

ఒక పాత సంగతి కూడా చెప్పాలి. పశ్చిమ బెర్లిన్ జనానికి గోడ ఉన్నన్నాళ్ళూ చుట్టుపక్కల పల్లెకి స్వేచ్ఛగా వెళ్ళే వీలు లేదు. మొక్కలు చదివే ప్రొఫెసర్లకీ లేదు. అందుకే టెక్నికల్ యూనివర్సిటీలో హెర్బర్ట్ సుకోప్, ఆయన శిష్యులు ఊళ్ళోనే బాంబులకి కూలిన ఇళ్ళ శిథిలాల మీద, ఖాళీ జాగాల్లో, రైలు కట్టల మీద మొక్కలు లెక్కపెట్టారు. గూడ్స్ స్టేషను వద్దని జనం కొట్లాడినప్పుడు వాళ్ళ చేతిలో పనికొచ్చింది ఈ లెక్కలే. బొత్తిగా పనికిరాని జాగా అని ప్రభుత్వం అంటే, ఇదిగో జాబితా అని పెట్టగలిగారు.

ఆవిరిఇంజన్

మన దగ్గర గా ముచ్చట ఎక్కడిది. రైల్వే జాగ ఖాళీగ ఉంటే దానికొక సంస్థే ఉన్నది, రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ. లీజుకిచ్చి పైసలు తెచ్చుడే దాని పని. తప్పని కాదు, రైల్వేకు పైసలు కావాలె. కాని యార్డు మూలల్ల ఏం మొలుస్తున్నదో ఎవలన్న లెక్క రాసిండ్రా? నేను పనిచేసినన్ని రోజులు చూడలే. పాత యాష్ పిట్ (ఇంజన్ల బూడిద దులిపే గుంత) పక్కన ఒక పల్లేరు జాగ ఉండె. వానకాలం మొత్తం పసుపు పూలు. సీతాకోకలు ఉరుకుతుండె. తరువాత సిమెంటు పోసిండ్రు.

హైదరాబాదీ_22

లెక్క రాయడం అనగానే కంచ గచ్చిబౌలి గుర్తొచ్చింది. అక్కడ యూనివర్సిటీ పిల్లలు పక్షుల జాబితాలు రాసి పెట్టుకోబట్టే 2025లో ఆ 400 ఎకరాల గొడవలో వాదించడానికి ఏదో ఒకటి చేతిలో ఉంది. సర్కారు మాత్రం...

నిర్వాహకులు

కంచ గచ్చిబౌలి మీద ఇప్పటికే పెద్ద దారం ఉంది, అక్కడ కొనసాగించండి. హైదరాబాదీ_22 మిగతా వ్యాఖ్యని, దాని కింద వచ్చిన తిట్లని అక్కడికి మార్చాం. ఇక్కడ రైలు నేలల గురించే.

థేమ్స్‌పక్కన

నాకో ప్రాక్టికల్ సందేహం. ఇలాంటి నేలలో విషం ఉండదా? స్లీపర్లకి తారు లాంటి క్రియోసోట్ పూస్తారు, ఇంజన్ల నూనె, గడ్డి మందు. పిల్లల్ని మట్టిలో ఆడనివ్వొచ్చా?

ఆవిరిఇంజన్

స్లీపరు మీద పిల్లల్ని కూసోబెట్టకండి. ఎండకు క్రియోసోట్ పైకి ఊరుతది, బట్టలకంటితే పోదు, చర్మం మండుతది. షెడ్డు ఉన్న కాడ నూనె ఎక్కువ ఇంకుతది, ఉత్త లైన్లు ఉన్న కాడ తక్కువ. గిది ఏ యార్డుకైన అంతే.

స్ప్రీగట్టు

పైగా అక్కడ దారి దిగకూడదనే రూలు కాబట్టి మట్టిలో ఆడే ప్రసక్తే రాదు. పిల్లలు పరిగెత్తాలంటే గ్లైస్‌డ్రైయెక్ పార్కుకి తీసుకెళ్ళండి. అదీ పాత రైలు జాగానే. 2011లో ఒక భాగం, 2013లో ఇంకొకటి తెరిచారు. అక్కడ పచ్చిక, స్కేటింగ్, ఇసుక, కాఫీ అన్నీ ఉన్నాయి. తానుగా మొలిచిన తోపుని కంచె వేసి ఒక మూల ఉంచారు. జ్యూడ్‌గెలెండెలో పిల్లలకి ఇంజను ఒక్కటే నచ్చుతుంది, తరవాత ఆకలంటారు. పెద్ద పిల్లలైతే గ్రాఫిటీ గోడలు చూపించండి, అక్కడ రంగులు వేయడానికి అనుమతి ఉంది.

కొత్తబెర్లినర్

నిన్న మళ్ళీ వెళ్ళాను. అక్క చెప్పినట్టు ఉత్తరం వైపు నడిచాను, అక్కడ నిజంగానే ఎవరూ ముట్టుకోలేదు. రెండు పట్టాల మధ్య బర్చ్ చెట్టు లావెక్కి పట్టాని పక్కకి నెట్టేసింది. మాస్టారు చెప్పిన నీలి రెక్కల మిడత కనిపించలేదు.

నా ప్రశ్న అయితే ఇంకా నాతోనే ఉంది. వదిలేసిన భాగమే నాకు ఎక్కువ నచ్చింది. కోసిన భాగం చూస్తే ఎవరో దువ్విన జుట్టులా ఉంది.

అనంతమాస్టారు

నచ్చడం వేరు, ఉండాలా వద్దా అన్నది వేరు. మిడత కోసం ఎండాకాలం మధ్యలో, ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం వెళ్ళు. ఇనప దారి మీద నిలబడి కదలకుండా కంకర వైపు చూడు. కూర్చుని ఉంటే రాయిలాగే ఉంటుంది, లేస్తేనే తెలుస్తుంది.

గట్టిమాట

ఆగస్టు దాకా ఆ రొబీనియాని ఉంచుతారో లేదో మరి. దాని పూలు తినొచ్చంటారు, నిజమేనా?

స్ప్రీగట్టు

పూలు మాత్రమే. మే చివర్లో తెల్లగా గుత్తులు వేలాడతాయి, ఇక్కడివాళ్ళు పిండిలో ముంచి బజ్జీలు వేస్తారు. ఇక్కడి షాపుల్లో అకేసియా తేనె అని అమ్మేది నిజానికి ఈ పూలదే. బెరడు, గింజలు, ఆకులు విషం, నోట్లో పెట్టకండి. పార్కులో కోయకూడదు, రక్షిత ప్రాంతం. మీకంత కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, మా వీధి చివర రెండు చెట్లున్నాయి.